వడపోత ఆపి వాదన నేర్పాలి

చైనా విశ్వవిద్యాలయాలు ఏటా పది లక్షలకు పైగా పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులను చేర్చుకుంటున్నాయి. వాళ్లలో దాదాపు అందరూ చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు చదివినవాళ్లే, ఒకటికి రెండు ఇంగ్లీషు పరీక్షలు గట్టెక్కినవాళ్లే. అయినా సొంత పరిశోధన గురించి ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాయాలంటే చాలామందికి చెయ్యి ఆడదు. ఈ లోటు ఎక్కడిది? దాన్ని పూడ్చే దారి ఏది?

పరీక్ష అడిగేది ఒకటి, పరిశోధన అడిగేది మరొకటి

ఏటా డిసెంబరు చివర్లో చైనా అంతటా ఒకేసారి పీజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. 2023 ప్రవేశాలకు 47.4 లక్షల మంది దరఖాస్తు చేశారు. తర్వాత రద్దీ కొంత తగ్గినా 2025 ప్రవేశాలకు కూడా 38.8 లక్షల మంది ముందుకొచ్చారు. చాలా విభాగాల్లో పరీక్ష మొత్తం 500 మార్కులకు ఉంటుంది. రాజకీయ సిద్ధాంతానికి 100, విదేశీ భాషకు 100, రెండు సబ్జెక్టు పేపర్లకు చెరో 150. విదేశీ భాష అంటే అత్యధికులకు ఇంగ్లీషే. మొత్తం మీద ఎన్ని మార్కులు వచ్చినా, ఇంగ్లీషులో ఆ ఏటికి ఖరారు చేసిన కనీస మార్కు రాకపోతే సాధారణంగా ఇంటర్వ్యూకు పిలుపు రాదు. లోహశాస్త్రం చదవాలన్నా, నేలల రసాయనం చదవాలన్నా, ప్రాచీన చైనా చరిత్ర చదవాలన్నా ఈ గీత దాటాల్సిందే. అంటే పీజీ తరగతిలో ఇంగ్లీషు పాఠం మొదలయ్యే నాటికే అది వడపోతగా తన పని ముగించేసి ఉంటుంది. తర్వాత నేర్పేదానికి ఎవరూ పెద్దగా విలువ ఇవ్వరు. చైనా పీజీ ఇంగ్లీషు బోధనలోని అసలు చిక్కు ఇదే. ఈ స్థాయి విద్యార్థికి ఇంగ్లీషు అర్హత గీత కాకూడదు. తాను కనిపెట్టినదాన్ని ఆధారాలతో నిలబెట్టుకునే నేర్పు కావాలి. నేర్పాల్సింది వ్యాకరణం కన్నా ముందు వాదన.

ఆ వంద మార్కుల పేపరును ఒకసారి విప్పి చూస్తే ఈ మాట ఎందుకు అనాల్సి వస్తోందో తెలుస్తుంది. అకడమిక్ కోర్సుల వాళ్లు రాసే పేపరులో ఖాళీలు పూరించడానికి 10, చదివి జవాబులు గుర్తించడానికి 50, అయిదు వాక్యాలను చైనీస్‌లోకి అనువదించడానికి 10, సొంతంగా రాయడానికి 30 మార్కులు ఉంటాయి. ఆ 30లో పది ఒక చిన్న లేఖకో నోటీసుకో పోతాయి. మిగిలిన ఇరవై మార్కులు 160 నుంచి 200 పదాల వ్యాసానివి. ఒక బొమ్మ ఇస్తారు. అందులో ఏముందో వర్ణించి, దాని భావం వివరించి, తన అభిప్రాయం చెప్పాలి. విని అర్థం చేసుకునే పరీక్షను 2005లోనే రాత పేపరు నుంచి తీసేశారు. ఇలాంటి వ్యాసానికి మూసలు తయారు చేయడం కష్టం కాదు. కోచింగ్ కేంద్రాలు అవే అందిస్తాయి. సమాజం శరవేగంగా అభివృద్ధి చెందుతున్న నేటి కాలంలో అంటూ మొదలై, ఏ బొమ్మకైనా ఇట్టే అమరిపోయే పేరాలను విద్యార్థులు నెలల తరబడి వల్లె వేస్తారు. ఎవరు రాసినా ఒకేలా ఉండటమే అక్కడ క్షేమం.

సీటు వచ్చాక పరిస్థితి తలకిందులవుతుంది. ఏడాది రెండేళ్లు తిరిగేసరికి అదే విద్యార్థి కొన్ని వేల పదాల పరిశోధన పత్రం రాయాలి. ఇంతవరకు ఈ రంగంలో ఎవరేం చేశారో, ఎక్కడ ఖాళీ మిగిలిందో చూపించాలి. తన ప్రయోగాన్ని మరో దేశంలో మరొకరు మళ్లీ చేసి చూడగలిగేంత స్పష్టంగా వివరించాలి. వచ్చిన ఫలితం దేన్ని రుజువు చేస్తుందో, దేన్ని చేయదో విడదీసి చెప్పాలి. ఆపైన ముక్కూమొహం తెలియని సమీక్షకులు లేవనెత్తే అభ్యంతరాలకు మర్యాద తప్పకుండా, పట్టు వదలకుండా జవాబు రాయాలి. వీటిలో ఒక్కదానికీ మూస లేదు. అందరిలా రాయడం అలవాటైన చెయ్యి, తన ఒక్కడికే తెలిసిన విషయాన్ని రాయాల్సి వచ్చేసరికి ఆగిపోతుంది. దీన్ని ఇంగ్లీషు రాకపోవడం అనుకుంటే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

చదవడానికి పెట్టిన చదువు

ఈ ఏర్పాటు ఎవరి అజ్ఞానం వల్లో పుట్టలేదు. దానికి బలమైన కారణాలున్న చరిత్ర ఉంది. 1862లో బీజింగ్‌లో చింగ్ రాజ్యం విదేశీ భాషల పాఠశాల ఒకటి పెట్టింది. విదేశాలతో వ్యవహారాలు నడపడానికి దుబాసీలను తయారు చేయడం దాని పని. 1911లో మొదలైన త్సింగ్‌హువా, అమెరికా వెళ్లే విద్యార్థులను సిద్ధం చేసే బడిగా పుట్టింది. 1929లో బ్రిటిష్ సాహిత్య విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ అక్కడ సాహిత్యం బోధించారు. ఆయన శిష్యుడు విలియం ఎంప్సన్ 1937లో వచ్చేసరికి జపాన్ దండయాత్ర మొదలైంది. పెకింగ్, త్సింగ్‌హువా, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలు తరలిపోయి మొదట హునాన్‌లో, తర్వాత యునాన్‌లో కలిసి పాఠాలు నడిపాయి. పుస్తకాలు లేని ఆ తరగతుల్లో ఎంప్సన్ ఎక్కువగా జ్ఞాపకశక్తి మీద ఆధారపడి కవిత్వం చెప్పారు. ఆ ప్రవాస విశ్వవిద్యాలయంలో చదివిన వాంగ్ జువోలియాంగ్, షూ గువోజాంగ్ తర్వాత చైనాలో ఇంగ్లీషు చదువుకు పెద్ద దిక్కయ్యారు. షూ గువోజాంగ్ పాఠ్యపుస్తకాలతో ఇంగ్లీషు నేర్చుకోని తరం లేదన్నంతగా అవి దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నాయి.

1950ల్లో సోవియట్ స్నేహం వల్ల రష్యన్ పెద్దపీట ఎక్కింది. ఆ స్నేహం చెడ్డాక, 1964 నాటి ప్రణాళిక ఇంగ్లీషును మొదటి విదేశీ భాషగా నిర్ణయించింది. రెండేళ్లకే సాంస్కృతిక విప్లవం వచ్చి చదువులన్నిటినీ చెదరగొట్టింది. 1977లో కళాశాల ప్రవేశ పరీక్ష, 1978లో పీజీ ప్రవేశాలు తిరిగి మొదలయ్యాయి. ఆ ఏడాది దేశం మొత్తంలో చేరిన పీజీ విద్యార్థులు సుమారు 10,700 మంది. పదేళ్లు ప్రపంచానికి దూరమైన శాస్త్రవేత్తలకు అప్పుడు కావాల్సింది విదేశీ జర్నల్ చదివి, అర్థం చేసుకుని, ఆ విద్యను స్వదేశంలో నిలబెట్టుకోవడం. అందుకే బోధన అంతా చదవడం చుట్టూ, అనువదించడం చుట్టూ తిరిగింది. 1987లో మొదలైన కళాశాల ఇంగ్లీషు నాలుగో స్థాయి పరీక్ష, 1989 నాటి ఆరో స్థాయి పరీక్ష ఆ ఒరవడినే దేశమంతటా స్థిరపరిచాయి. భౌతిక శాస్త్రవేత్త త్సుంగ్‌దావో లీ చొరవతో 1979 నుంచి 1989 దాకా నడిచిన కార్యక్రమం ద్వారా 915 మంది విద్యార్థులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి వెళ్లారు. ఆ కాలపు అవసరానికి ఆ చదువు సరిపోయింది. దాన్ని ఇప్పుడు తప్పుపట్టాల్సిన పని లేదు.

అయితే ఈలోగా దేశం మారిపోయింది. 2023లో చైనాలో కొత్తగా చేరిన పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు 13 లక్షల పైచిలుకు. 2016 నాటికే ఏటా వెలువడే శాస్త్ర పత్రాల సంఖ్యలో చైనా అమెరికాను దాటిందని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ లెక్కగట్టింది. ఒకప్పుడు ప్రపంచం రాసింది చదువుకున్న దేశం ఇప్పుడు ప్రపంచం చదవాల్సినది రాస్తోంది. బోధన మాత్రం పాఠకులను తయారు చేసే దగ్గరే నిలిచిపోయింది. రాయమనే ఒత్తిడి పెరిగింది, రాయడం నేర్పే తరగతి ఆ మేరకు పెరగలేదు. విశ్వవిద్యాలయాలు పత్రాలకు నగదు బహుమతులు ప్రకటించాయి. 2016లో నేచర్, సైన్స్ పత్రికల్లో మొదటి రచయితగా ప్రచురిస్తే సగటున సుమారు 44 వేల డాలర్లు ముట్టేవని చైనా విశ్వవిద్యాలయాల నిబంధనలను పరిశీలించిన ఒక అధ్యయనం తేల్చింది. నేర్పకుండా రాయమంటే మధ్యలో సంత లేస్తుంది. భాష దిద్దిపెట్టే సంస్థలు, పత్రాన్ని మొత్తంగా అల్లి అమ్మే దొంగ మిల్లులు ఆ సందులోనే పెరిగాయి. ఒక్క 2023లోనే ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పత్రాలను జర్నళ్లు ఉపసంహరించుకున్నాయి. వాటిలో చాలావాటిపై చైనా రచయితల పేర్లున్నాయి. ఆ ఏడాది చివర్లో చైనా విద్యాశాఖ ఉపసంహరించిన పత్రాల లెక్క చెప్పమని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఈ మోసాలకు ఇంగ్లీషు బోధన ఒక్కటే కారణమని అనలేం. డబ్బు, పదోన్నతి, సంఖ్యల మోజు అందులో పెద్ద పాత్రధారులు. కానీ సొంతంగా రాయగలనన్న నమ్మకం లేని విద్యార్థి ఆ సంతకు సులువుగా దొరికిపోతాడనడంలో సందేహం లేదు.

తప్పులు ఎక్కడ, లోపం ఎక్కడ

చైనీస్ మాతృభాషగా పెరిగినవాళ్లు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతారో ఉపాధ్యాయులందరికీ తెలుసు. చైనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి రూపం మారదు. నామవాచకానికి బహువచన ప్రత్యయం తప్పనిసరి కాదు. ఇంగ్లీషులో నామవాచకం ముందు వచ్చే ఉపపదాల్లాంటివి అసలే లేవు. మాట్లాడేటప్పుడు అతడికీ ఆమెకూ ఒకటే ఉచ్చారణ. నామవాచకాన్ని విశేషించే వాక్యం ఎంత పొడుగైనా దాని ముందే వస్తుంది. ఈ చివరి లక్షణం మనకూ సుపరిచితమే. నిన్న ప్రయోగశాలలో విరిగిన గాజుగొట్టం అని తెలుగు చెప్పే వరుసలోనే చైనీస్ కూడా చెబుతుంది. ఉపపదాలు లేకపోవడంలోనూ రెండు భాషలదీ ఒకే దారి. అందుకే తెలుగు విద్యార్థి ఇంగ్లీషు వాక్యంలో పడే కొన్ని ఇబ్బందులే షాంఘై విద్యార్థీ పడతాడు. అయితే ఈ తప్పులు ఎన్ని ఉన్నా విషయం చేరడం ఆగదు. ఎవరైనా దిద్దవచ్చు, ఇప్పుడైతే యంత్రమే దిద్దేస్తుంది. వాదన లేని పత్రాన్ని మాత్రం ఎవరూ దిద్దలేరు.

పరిశోధన పత్రం ముందుమాట ఎలా నడుస్తుందో భాషాశాస్త్రవేత్త జాన్ స్వేల్స్ 1990 నాటి పుస్తకంలో విడమరచి చూపించారు. ముందు రంగాన్ని పరిచయం చేయడం, తర్వాత అందులో ఇంకా తేలని విషయం ఏదో చూపించడం, చివరికి ఆ ఖాళీని తన పని ఎలా పూరిస్తుందో చెప్పడం. ఈ మూడు అడుగుల్లో రెండోది కష్టమైనది. పేరున్న పెద్దల పనిలో కొరత ఉందని ఒక కొత్త పరిశోధకుడు చెప్పాలి. అదీ వినయంగా, ఆధారంతో చెప్పాలి. దానికి ధైర్యం కావాలి, అంతకు మించి కొలత కావాలి. ఆ కొలత గురించి భాషా పరిశోధకులు కెన్ హైలాండ్, జాన్ మిల్టన్ 1997లో ఒక ముఖ్యమైన సంగతి వెలికితీశారు. హాంకాంగ్ విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాలను అదే వయసు బ్రిటిష్ విద్యార్థుల వ్యాసాలతో పోల్చి చూస్తే, హాంకాంగ్ విద్యార్థులు సందేహాన్నీ సంభావ్యతనూ తెలిపే మాటలు తక్కువ రకాలు వాడారు, ఖండితంగా తేల్చేసే ధోరణి ఎక్కువగా కనిపించింది. ఉండవచ్చు అనాల్సిన చోట ఉంది అంటే సైన్సులో అది భాషాదోషం కాదు, అబద్ధానికి దారి. ఎంత నమ్మకంతో చెప్పాలో తెలియడం పరిశోధకుడి నిజాయితీలో భాగం. దాన్ని పనిగట్టుకుని నేర్పడానికి తగిన చోటు ఇంగ్లీషు తరగతి. ఆ తరగతీ బొమ్మల వ్యాసాల నీడలోనే ఉండిపోతే ఎలా?

2016లో జరిగిన ఒక ఉదంతం ఈ నష్టం ఎంతదాకా పోగలదో చూపిస్తుంది. మనిషి చేతి నిర్మాణంపై చైనా పరిశోధకులు ప్రధాన రచయితలుగా రాసిన పత్రం ఒకటి ప్లాస్ వన్ జర్నల్‌లో జనవరిలో వచ్చింది. ప్రకృతి మలిచిన తీరు అని వాళ్లు చెప్పదలచిన చోట ఇంగ్లీషులో దేవుడు సృష్టించాడన్న అర్థం వచ్చింది. ప్రపంచమంతా విరుచుకుపడింది, మార్చిలో జర్నల్ పత్రాన్ని ఉపసంహరించుకుంది. తమ మాతృభాష ఇంగ్లీషు కాదని, ఆ మాటకున్న ధ్వని తెలియక వాడామని రచయితలు వివరించారు. వ్యాకరణం చూసేవారికి ఆ వాక్యంలో తప్పు దొరకదు. చదివేవాళ్లు ఎవరు, వాళ్లు ఈ వాక్యాన్ని ఎలా తీసుకుంటారు అని ఆలోచించే అలవాటు ఉన్నవాళ్లకే దొరుకుతుంది. రచయితలకు గానీ, సమీక్షకులకు గానీ, సంపాదకులకు గానీ అది కంటపడలేదు.

ఇక్కడొక పాత వాదన అడ్డొస్తుంది. చైనా వాళ్ల ఆలోచనే సుడి తిరుగుతూ సాగుతుందని, నేరుగా వాదించడం వాళ్ల సంస్కృతిలోనే లేదని అంటారు. 1966లో భాషావేత్త రాబర్ట్ కాప్లాన్ రాసిన వ్యాసంలో తూర్పు దేశాల రచనను సుడిగుండం గీతతో చూపించిన బొమ్మ ఈ నమ్మకానికి ఊపిరి పోసింది. కానీ ఆయన పరిశీలించింది విద్యార్థులు తమది కాని ఇంగ్లీషు భాషలో రాసిన వ్యాసాలను. కొత్త భాషలో తడబడే చేతిని చూసి ఒక జాతి ఆలోచనకు కొలత గీయడం సరికాదు. తర్వాతి కాలంలో కాప్లానే ఆ మాట పదును తగ్గించుకున్నారు. చైనా చరిత్ర సైతం ఆ నమ్మకాన్ని ఒప్పుకోదు. పన్నెండో శతాబ్దపు తత్వవేత్త ఝూ షీ, సందేహం లేకుండా చదివేవాడికి సందేహించడం నేర్పాలని బోధించారు. పదిహేడో శతాబ్దంలో పండితుడు యాన్ రువోఛూ, వందల ఏళ్లు పవిత్రంగా చదువుకున్న షాంగ్‌షూ గ్రంథంలోని కొన్ని అధ్యాయాలు తర్వాతి కాలపు కల్పనలని ఆధారం వెంట ఆధారం పేర్చి రుజువు చేశారు. ఇరవయ్యో శతాబ్దపు మేధావి హూ షీ కొలంబియా విశ్వవిద్యాలయంలో పరిశోధించింది ప్రాచీన చైనాలో తర్కం పెరిగిన తీరు మీదనే. ఆధారంతో వాదించే సంప్రదాయం చైనా ఇంట్లోనే ఉంది. పరీక్షల మూస దాన్ని కప్పేసింది. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేయాల్సింది పరాయి ఆలోచనను తెచ్చి అతికించడం కాదు, విద్యార్థికి వారసత్వంగా ఉన్నదాన్ని మరో భాషలో వాడుకోనివ్వడం.

ఎదురయ్యే నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న న్యాయం గురించి. లక్షల మంది పోటీపడే చోట అందరికీ ఒకే పరీక్ష, ఒకే గీత ఉండటమే న్యాయమని, దాన్ని సడలిస్తే పలుకుబడి రాజ్యమేలుతుందని చైనాలో చాలామంది నిజాయితీగా నమ్ముతారు. ఆ భయం నిరాధారం కాదు. కాబట్టి ఉమ్మడి పరీక్ష ఎత్తేయమనడం బాధ్యతారాహిత్యం. అడగాల్సింది అందులో ఇంగ్లీషు ఏం కొలుస్తోందని. 2001లో మూడో తరగతి నుంచి ఇంగ్లీషు నేర్పాలని చైనా నిర్ణయించింది. కానీ షాంఘై బడికి దొరికిన ఉపాధ్యాయులు గన్సూ పల్లెబడికి దొరకలేదు. ఆ తేడా పదిహేనేళ్ల తర్వాత ఒక పల్లె విద్యార్థిని మంచి రసాయన శాస్త్రవేత్త కాకుండా ఆపితే దాన్ని ప్రతిభకు కొలత అనలేం. ఇంగ్లీషు మార్కును మొత్తంలో కలపండి, ఒక్క ఆ మార్కుతోనే తలుపు మూయకండి. రాయడం నేర్పాక, కోర్సు మధ్యలో, విద్యార్థి సొంత రంగంలో రాసినదాన్ని కొలవండి. ఈ దిశలో కదలిక లేకపోలేదు. షియాన్ జియావోతోంగ్ విశ్వవిద్యాలయం 2023 సెప్టెంబరులో డిగ్రీకి నాలుగు, ఆరు స్థాయిల ఇంగ్లీషు పరీక్షల మార్కులతో ఉన్న ముడిని తెంచింది. పీహెచ్‌డీకి ముందు పత్రాలు ప్రచురించి తీరాలన్న నియమాన్ని త్సింగ్‌హువా 2019లోనే సడలించింది. ముడి తెంచడం సగం పనే. ఆ స్థానంలో ఏం నేర్పుతారన్నది మిగతా సగం.

రెండో ప్రశ్న ఆత్మగౌరవానిది. చైనా ప్రజల పన్నుతో చేసిన పరిశోధనను చైనా ప్రజలకు అర్థం కాని భాషలో ఎందుకు రాయాలి? 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్ గురించి చైనా శాస్త్రవేత్తల పత్రాలు ఇంగ్లీషు జర్నళ్లలో వెలువడినప్పుడు దేశంలో ఇదే ఆగ్రహం కట్టలు తెంచుకుంది. మరుసటి నెలలోనే ప్రభుత్వం విదేశీ సూచీల్లోని పత్రాల సంఖ్యను బట్టి పరిశోధకుల విలువ కట్టవద్దని, మదింపుకు చూపే ముఖ్యమైన పత్రాల్లో కనీసం మూడో వంతు స్వదేశీ జర్నళ్లలోవి ఉండాలని ఆదేశించింది. ఈ వాదనలో న్యాయం ఉంది. నోబెల్ శాస్త్రవేత్త తూ యూయూ జీవితమే దానికి సాక్ష్యం. ఆమె విదేశాల్లో చదవలేదు, డాక్టరేట్ లేదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ నిర్మాణాన్ని తెలిపిన తొలి పత్రం 1977లో చైనీస్‌లోనే వచ్చింది. 2015లో నోబెల్ ఉపన్యాసాన్ని ఆమె చైనీస్‌లోనే చదివారు. ఇంగ్లీషు గొప్ప శాస్త్రవేత్తకు కొలబద్ద కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయితే అదే కథలో రెండో పాఠం కూడా ఉంది. సైనిక రహస్యంగా మొదలైన ఆ పరిశోధన, భాష కంచెను కూడా దాటుకుని ప్రపంచ రోగుల దాకా చేరడానికి చాలా కాలం పట్టింది. చైనా ప్రభుత్వం సైతం 2019లో స్వదేశీ జర్నళ్లను ప్రపంచ స్థాయికి తేవడానికి పెట్టిన పథకంలో ఎక్కువగా ఇంగ్లీషు జర్నళ్లకే ఊతమిచ్చింది. ఇంటివాళ్లకు ఇంటి భాషలో, బయటివాళ్లకు బయటి భాషలో చెప్పగలగడం ఆత్మగౌరవానికి లోటు కాదు. వాదించడం నేర్చిన విద్యార్థి చైనీస్‌లోనూ మెరుగైన పత్రం రాస్తాడు. మూస నేర్చినవాడు రెండు భాషల్లోనూ వెలితిగానే రాస్తాడు.

మూడో ప్రశ్న ఇవాళ అందరి నోటా ఉన్నది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది, 2025 మొదట్లో చైనా సొంత డీప్‌సీక్ ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. చైనీస్‌లో రాసి మీట నొక్కితే శుభ్రమైన ఇంగ్లీషు వస్తుంటే ఇంకా తరగతి దేనికి? యంత్రం తీర్చే కష్టాన్ని చిన్నచూపు చూడకూడదు. ఎనిమిది దేశాల్లో 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తలపై 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఇంగ్లీషు బాగాలేదన్న కారణంతో పత్రం తిరస్కరణకు గురికావడం ఆ భాష మాతృభాష కానివాళ్లకు దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ దేశాల్లో చైనా లేదు గానీ ఆ భారం చైనా విద్యార్థికీ కొత్త కాదు. ఉపపదాలనూ కాలాలనూ యంత్రం సరిచేస్తే ఆ మేరకు న్యాయం జరిగినట్టే. కానీ ప్రయోగంలో ఏది తేలిందో, ఏది తేలలేదో యంత్రానికి తెలియదు. చైనీస్ వాక్యంలో వాదన లేకపోతే ఇంగ్లీషులోకి తర్జుమా అయినంత మాత్రాన అది పుట్టుకురాదు. పైగా నునుపైన వాక్యం లోపలి బోలుతనాన్ని దాచేస్తుంది. బహుశా అన్నదాన్ని తప్పకుండా అని యంత్రం మార్చేసినప్పుడు పట్టుకోవాల్సింది విద్యార్థే. ఇంకో ప్రమాదమూ ఉంది. యంత్రం రాసిందా, మనిషి రాశాడా తేల్చే పరికరాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో పరీక్షించారు. ఒక చైనా విద్యా వేదిక నుంచి తీసుకున్న 91 టోఫెల్ వ్యాసాలను పెట్టి చూస్తే, సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవిగా తప్పుగా ముద్రవేశాయి. పరిమితమైన మాటలతో రాసే విద్యార్థి నిర్దోషిగా ఉండి కూడా దొంగ అనిపించుకుంటాడన్నమాట. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చైనా డిగ్రీల చట్టం కాపీకీ, ఇతరులతో రాయించుకోవడానికీ కఠిన శిక్షలు చెబుతోంది. ఇలాంటి కాలంలో తన పత్రంలోని ప్రతి వాక్యాన్నీ ఎందుకలా రాశాడో నోటితో వివరించి నిలబడగలగడమే విద్యార్థికి రక్ష. యంత్రం వచ్చాక వాదన నేర్పాల్సిన అవసరం పెరిగిందే గానీ తరగలేదు.

నాలుగోది ఉపాధ్యాయుల ప్రశ్న. సాహిత్యమో భాషాశాస్త్రమో చదివిన ఇంగ్లీషు అధ్యాపకులు లోహశాస్త్రం పత్రం ఎలా నేర్పుతారు? అభ్యంతరం సమంజసమే. కానీ వాళ్లను లోహశాస్త్రం చెప్పమనడం లేదు. ఫుదాన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు త్సాయ్ జీగాంగ్ ఏళ్లుగా వాదిస్తున్నది ఇదే. విశ్వవిద్యాలయంలో సాధారణ ఇంగ్లీషు మళ్లీ మళ్లీ చెప్పడం ఆపి, చదువుకీ పరిశోధనకీ పనికొచ్చే ఇంగ్లీషు చెప్పాలని. 2013లో షాంఘై కళాశాలల కోసం అలాంటి బోధన చట్రం కూడా వెలువడింది. పత్రం ఎలా నిర్మితమవుతుందో భాషా అధ్యాపకుడికి తెలుసు. అందులోని విషయం నిజమో కాదో గైడుకు తెలుసు. ఇద్దరూ ఒకే విద్యార్థి రాతను కలిసి చూస్తే చాలు. ఇప్పుడు జరుగుతున్నది అందుకు విరుద్ధం. భాషా అధ్యాపకుడు పదుల మంది ఉన్న తరగతిలో ఉమ్మడి పాఠ్యపుస్తకం చెప్పి వెళ్తాడు, గైడు చివరి నిమిషంలో ఎర్ర సిరాతో పత్రాన్ని తిరగరాస్తాడు. ఆ దిద్దుబాటు ఎందుకు జరిగిందో విద్యార్థికి తెలియకుండానే పత్రం అచ్చవుతుంది. తర్వాతి పత్రం దగ్గర మళ్లీ మొదటికే వస్తుంది.

ఏం చేయాలి

దీనికి కొత్త భవనాలూ పెద్ద నిధులూ అక్కర్లేదు. మొదటి సెమిస్టరులో విద్యార్థి తన రంగంలోని పది మంచి పత్రాలు ఎంచుకుని, ప్రతి దానిలో రచయిత ఏం వాదించాడో, దేని మీద నిలబడ్డాడో, ఎక్కడ తగ్గి మాట్లాడాడో విడదీసి రాయాలి. చైనీస్‌లో చర్చించినా తప్పులేదు. ఆలోచన తేటపడ్డాకే ఇంగ్లీషు వాక్యం తేటపడుతుంది. రెండో సెమిస్టరులో తన సొంత సమాచారంతో పత్రం భాగాలను ఒక్కొక్కటిగా రాయాలి. తోటి విద్యార్థులు సమీక్షకుల్లా ప్రశ్నించాలి, వాటికి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. యంత్రం సాయాన్ని దాచనక్కర్లేదు. యంత్రం ఇచ్చిన వాక్యాన్ని ఎందుకు ఉంచాడో, ఎందుకు మార్చాడో పక్కనే రాస్తే అదే పాఠం అవుతుంది. చివర్లో మార్కులు వేసేది జ్ఞాపకశక్తికి కాదు, వాదన నిలబడిన తీరుకు. భాషా అధ్యాపకుడి పదోన్నతిలో ఈ పనికి విలువ కట్టాలి. తరగతిలో విద్యార్థుల సంఖ్య తగ్గించాలి. వాదనను గుంపుకు ఉపన్యాసంగా చెప్పలేం. ఒక్కొక్కరి రాత మీద కూర్చోవాల్సిందే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడి మాధ్యమం ఇంగ్లీషా తెలుగా అన్న పోరు దశాబ్దాలుగా సాగుతోంది. 2021 నుంచి ఇంజినీరింగును తెలుగులో చదవడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి కూడా ఉంది. ఈ చర్చకు చైనా అనుభవం ఒక మేలు చేస్తుంది. అక్కడి విద్యార్థి ప్రాథమిక పాఠశాల నుంచి పీహెచ్‌డీ దాకా శాస్త్రాన్ని ప్రధానంగా సొంత భాషలోనే చదువుతాడు, ఆలోచిస్తాడు. అయినా ఆ దేశం పరిశోధనలో వెనకబడలేదు. కాబట్టి ఏ భాషలో నేర్చుకోవాలన్నది ఒక ప్రశ్న, ప్రపంచంతో ఏ భాషలో మాట్లాడాలన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి మాతృభాష బలమైన జవాబు. రెండోదానికి ఇంగ్లీషు కావాలి, కానీ వడపోతగా కాదు. మన విశ్వవిద్యాలయాల్లో సైతం తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధనకు వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పత్రం దగ్గర ఇలాగే ఆగిపోతున్నారు. 1958 నుంచీ ఇంగ్లీషు బోధనకే అంకితమైన సంస్థ, నేటి ఇఫ్లూ, హైదరాబాద్‌లోనే ఉంది. పరిశోధక విద్యార్థులకు వాదించి రాయడం నేర్పే బాధ్యతను మన విశ్వవిద్యాలయాలు ఆ అనుభవంతో కలిసి తలకెత్తుకోవచ్చు. చైనా తన అనుభవం నుంచి ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంటోంది. మనం చూసి నేర్చుకోవచ్చు. పరిశోధక విద్యార్థిని ఇంగ్లీషు వచ్చా అని అడిగి పక్కకు నెట్టడం ఆపండి. నువ్వు కనుక్కున్నది ఏమిటి, దాన్ని నేనెందుకు నమ్మాలి అని అడగండి. ఆ జవాబు రాయడం ఎలాగో ఓపికగా నేర్పండి.